కొబ్బరి మొక్కకు రెండో మనిషి

మంగళవారం, రాత్రి

ఈ రోజు ఐదో తరగతి పిల్లలతో బడి వెనక కొబ్బరి మొక్కలు నాటించాను. మొదటిది నేనే నాటి చూపిద్దామనుకున్నాను. గోతిలో ఉప్పు చల్లి, మొక్కను ఒంటి చేత్తో నిలబెట్టి మట్టి కప్పాను. అది పక్కకు ఒరిగిపోయింది.

మొక్కలు తెచ్చిన లోకనాథం గారు చూస్తూనే ఉన్నారు. "మా ఉద్దానంలో ఒక్కలే నాటరు మేడమ్. ఒకలు పట్టుకోవాల, ఒకలు మట్టి కప్పాల," అన్నారు.

భార్య పోయి నాలుగేళ్లయిన మనిషి, ఆ మాట మామూలుగానే అన్నారు. విడాకులై మూడేళ్లయిన నేనూ మామూలుగానే విన్నాననుకుంటాను. ఆయన పట్టుకుంటే నేను మట్టి కప్పాను.

కాయ ఎప్పటికి వస్తుందని అడిగాను.

"ఆరేళ్లు పడతాది. అప్పటికి మీరుంటారేటి?"

మా ఊరు టెక్కలికి బదిలీ అడగడానికి రేపే ఆఖరు. ఫోనులో దరఖాస్తు నింపేశాను, పంపడమే మిగిలింది. అక్కడైతే మనవాళ్లుంటారని అమ్మ పోరు.

నాటడం అయ్యి తరగతిలోకి వచ్చాక ఒక పిల్ల, "వేసవి సెలవల్లో నీల్లు ఎవులు పోత్తారు మేడమ్?" అంది. బోర్డు మీద నేను రాసిన నీళ్ల వంతుల్లో ఆ గడి ఖాళీగా ఉంది. సెలవులిస్తే నేను ఏటా టెక్కలి వెళ్లిపోతాను.

అయినా నా పేరే రాశాను. మా వెంటే లోపలికొచ్చిన లోకనాథం గారు సుద్దముక్క అడిగి తీసుకుని, దాని కింద తన పేరు రాశారు.

దరఖాస్తు ఇంకా పంపలేదు. రోజూ బోర్డు తుడిచాకే బడికి తాళం వేస్తాను. ఈ రోజు తుడవలేదు.