చేయి చాచేంత దూరం

జుమాగుల్ అక్కకు,

ఇన్నాళ్ళూ రాయలేదని కోప్పడకు. గీతల కాగితం మీద కూడా నా అక్షరాలు కొండ దిగే గొర్రెల్లా పోతున్నాయి. కంచె తీగ తగిలి ఎడమ కన్ను పోయాక కుడి కన్నూ మసకే. ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు. మంచం అక్కడే ఉందనుకుని నెలల పిల్లవాణ్ణి గాల్లో పడుకోబెట్టినదాన్ని నేను. వాడే జారాడని అప్పట్లో నీకు రాశాను. అది అబద్ధం అక్కా. ఆ రోజే మా అత్తగారు నా ఎల్దియార్‌ను తన గదికి తీసుకుపోయింది. మొదటి మనవడు నానమ్మ ఒళ్ళో పెరగడం మనకు కొత్త కాదు కాబట్టి ఊళ్ళో ఎవరూ అడగలేదు. మూడేళ్ళయింది. వాడు ఆవిణ్ణి అమ్మా అంటాడు, నన్ను అక్కా అంటాడు.

పట్నం ఆస్పత్రివాళ్ళు పెట్టుకుని చూడమని నాకొక నడుం బెల్టు, మణికట్టుకు పట్టీ ఇచ్చారు. ఎదుట ఏదైనా ఉంటే అదురుతాయి. దగ్గరైనకొద్దీ ఇంకా గట్టిగా. రెండు నెలల్లో తలుపులకు గుద్దుకోవడం మానేశాను. అప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"నా బిడ్డను నాకిచ్చెయ్యండి అత్తమ్మా."

"శుక్రవారం పెద్దలొస్తున్నారు. చుక్క ఒలక్కుండా చాయ్ పొయ్యి, అప్పుడు చూద్దాం" అంది.

నిన్న పోశాను. ప్రతి చాయ్ గిన్నె ఎక్కడుందో పట్టీ పట్టి ఇచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు. నేను మురిసిపోతుంటే వచ్చినవాళ్ళంతా అరచేతులతో ముఖం తడుముకుని, దీవించి, లేచి వెళ్ళిపోయారు. గిన్నెలన్నీ నిండా పోశానట. సగానికి మించితే లేచి పొమ్మన్నట్టేనని అమ్మ మొట్టికాయలు వేసి మరీ నేర్పింది కదా. గిన్నె ఎంత దూరమో పట్టీ చెప్తుంది, లోపల ఎంత ఉందో చెప్పదు. ఇక వాణ్ణి ఇవ్వరు. నాకేమీ తోచడం లేదు.

నీ చెల్లెలు
సైకాల్

అక్కా,

అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున రొట్టె విరుస్తూ పక్కున నవ్వింది.

"మీ మామ ముప్పై ఏళ్ళు తంటాలు పడ్డా ఆ ముసలాళ్ళను అంత తొందరగా లేపలేకపోయాడే. సరేలే, చుక్క ఒలకలేదు. మాట మాటే. తీసుకో నీ కొడుకుని."

వాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టింది. "మీ అమ్మరా ఇది. వెళ్ళు" అంది. ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి.

నడుం దగ్గర గట్టిగా అదిరింది. చేయి చాచేంత దూరంలో ఉన్నాడు. చాచాను. అదురు తగ్గింది. ఒక అడుగు వేశాను. పెరిగింది, మళ్ళీ తగ్గింది. వాడు ఏడవలేదు, కేకలు పెట్టలేదు. "వద్దక్కా" అన్నాడు, మెల్లగా, మర్యాదగా.

ఇంకో అడుగు వేసి ఉంటే వెనక గోడ అడ్డొచ్చి వాడు నాకు దొరికేవాడు. నేనే వెనక్కి జరిగాను, అదురు పూర్తిగా ఆగేదాకా. "మీ దగ్గరే ఉండనివ్వండి అత్తమ్మా" అన్నాను. ఆవిడ ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

బెల్టు రేపు ఆస్పత్రికి పంపేస్తున్నాను. చక్కగా పనిచేస్తోందని చీటీ కూడా రాసి పెట్టాను. ఇంట్లో తిరగడానికి గోడలు తడుముకుంటాను. వాడు వెనక్కి వేసే అడుగులు నాకు తెలియకపోతే చాలు.

సైకాల్