నా గురించి సరోజక్క చెప్పిన జవాబు

మంగళవారం రాత్రి, మార్చి 1983

తిరుపతి నుంచి ఒక డాక్టరమ్మ ఈ రోజు మా పల్లె ఆసుపత్రికి వచ్చింది. నర్సులం మేము ఎంత అలసిపోతున్నామో కొలుస్తుందట, బియ్యం కొలిచినట్టు. ఒంటి అలుపు ఒక రకం, మనుషుల మీద విసుగు రెండో రకం, ఎంత చేసినా ఇంతేలే అనిపించడం మూడో రకం అని విడదీసి చెప్పింది.

నాకు పని నేర్పిన సరోజక్క నన్ను చూపించి నవ్వింది. "నాది నాకేం తెలుస్తాదమ్మా? నా సంగతి దీన్నడగండి. దీని సంగతి నేను చెప్తా."

డాక్టరమ్మ సరేనంది. నేను గర్వంగా మొదలుపెట్టాను. ఎండలో పల్లెలన్నీ నడిచి తిరిగినా అక్కకు అలుపే లేదని, ఏ వేళ పురుడుకు పిలిచినా విసుక్కోదని, తను పురుడు పోసిన పిల్లలందరినీ ఈనాటికీ పేరు పెట్టి పిలుస్తుందని చెప్పాను.

తర్వాత అక్క వంతు. "దీనికి ఒళ్లు బాగనే ఉండాది. పనీ సక్కంగా చేస్తాది. కానీ కొన్నాళ్లుగా సూదేసేటప్పుడు చెయ్యే సూస్తాది, మనిషి మొగం సూడదు. రెండో రకం మాదిరి ఉండాదమ్మా, పాపం."

నాకు రోషం వచ్చింది. ఇప్పుడు పడుకుని తలుచుకుంటే, పొద్దున నా దగ్గర సూది వేయించుకున్నవాళ్లలో ఒక్క ముఖమూ గుర్తు రావడం లేదు. అంత జనం మధ్య, అన్ని పనుల్లో, అక్క నన్ను ఎప్పుడు గమనించిందో.

అక్కకు అలుపే లేదని అంత గట్టిగా చెప్పాను కదా. ఆమె ముఖం సరిగ్గా చూసి నాకు ఎన్నాళ్లయిందో...