స్థానిక పౌరుడు లేని గల్లీ

చిలకలగూడ, సికింద్రాబాద్,
18 నవంబరు 2025.

గౌరవనీయులైన విద్యాధికారి గారి సముఖమునకు, చిలకలగూడ బాలుర ప్రాథమిక పాఠశాల గోడను ఆనుకొని రబ్బరు స్టాంపుల దుకాణం నడుపుకొనుచున్న బ్రహ్మచారి, వయస్సు 51 సంవత్సరములు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పై పాఠశాలపై నేను గత నెల 29వ తేదీన ఫిర్యాదు సమర్పించుట – దానిపై తమరు చర్య తీసుకొనుట – అట్టి చర్యను రద్దుపరచి, యథాప్రకారం ఏ చర్యా లేకుండా ఉండవలసినదిగా ప్రార్థన – గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ముప్పై ఏళ్ళుగా ఆఫీసులకు స్టాంపులు చేసి ఇస్తూ బతుకుతున్నవాణ్ణి. అర్జీ అనేది ఎలా నడుస్తుందో నాకు కొంత తెలుసు. అది వెళ్తుంది, దానిపై తేదీ పడుతుంది, ఫైలులో కూర్చుంటుంది, ఈలోగా వ్రాసినవాడి కోపం చల్లారుతుంది. ఆ భరోసాతోనే నేను ఫిర్యాదు చేశాను. తమ కార్యాలయం పన్నెండు దినములలో ఉత్తర్వు జారీ చేయగలదని నాకెవరూ ముందుగా తెలియజేయలేదు.

ఇందులో తమ తప్పేమీ లేదు. కొత్తగా చేసిన స్టాంపు సరిగా పడుతున్నదా లేదా అని చేతికి అందిన కాగితంపై ఒత్తి చూడడం మా వృత్తిలో ఉన్న అలవాటు. ఆనాడు ఒక ఆఫీసు వారి ఆర్డరుపై 'అతి అత్యవసరం', 'స్వయంగా పరిశీలించవలెను', 'నేడే' అను మూడు స్టాంపులు తయారయ్యాయి. చేతికి అందిన కాగితం తమకు పంపవలసిన ఫిర్యాదు. మూడూ చక్కగా పడ్డాయి.

తత్ఫలితంగా ఈ నెల 10వ తేదీన తమరు జారీ చేసిన ఉత్తర్వులో, "స్థానిక పౌరుడి ఫిర్యాదు మేరకు" పాఠశాలలోని 38 మంది బాలురను డిసెంబరు ఒకటి నుంచి స్టేషన్ రోడ్డు అవతలి పాఠశాలలో విలీనం చేయవలెననీ, ఖాళీ అయిన భవనంలో పాత బెంచీలు భద్రపరచవలెననీ ఉన్నది. కావున నాటి ఫిర్యాదులోని అంశములను, వాటిపై నేటి నా సవరణలను ఈ దిగువ పొందుపరచుచున్నాను.

1. శబ్దము. ప్రతి దినం పదిన్నరకు మూడవ తరగతి వారు ఎక్కాలు వల్లిస్తారు. పాఠశాల ఇంగ్లీషు మాధ్యమానికి మారి మూడేళ్ళయినా ఎక్కాలకు ఆ ఉత్తర్వు ఇంకా అందినట్లు లేదు. అవి తెలుగులోనే సాగుతున్నాయి. పదమూడవ ఎక్కంలో ఏడు దగ్గరకు రాగానే ఇద్దరు ముగ్గురు తొంభై ఒకటి అంటారు, తక్కినవారు మెజారిటీ నిర్ణయంగా తొంభై మూడు అంటారు. అక్కడి నుంచి నూట నాలుగుకు ఏ దారిన చేరుకుంటారో నాకు అంతుబట్టలేదు. నేను గోడ ఇవతల నుంచి "తొంభై ఒకటి" అని కేక వేస్తాను. అవతలి నుంచి "థ్యాంక్యూ అంకుల్" అని వస్తుంది. మరునాడు మళ్ళీ తొంభై మూడు.

గత నెల ఒక అపార్ట్‌మెంట్ సంఘం వారి రిజిస్ట్రేషన్ నంబరు కూర్చుతూ, 91 ఉండవలసిన చోట 93 కూర్చాను. సంఘం కార్యదర్శి ఆ స్టాంపు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చారి గారూ, మేం ఏ బిల్డింగోళ్ళమో మాకే డౌట్ వచ్చేటట్టు చేసిండ్రు" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఫిర్యాదు వ్రాశాను.

సవరణ: తొంభై మూడు అన్నది పిల్లలు. కూర్చింది నా చెయ్యి. ఫిర్యాదులో ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపాను. విడదీయ ప్రార్థన.

2. అధికార ముద్రల దుర్వినియోగము. పాఠశాలలో బాలురు ఓట్లు వేసుకొని మంత్రివర్గం ఏర్పరచుకొన్నారు. ఐదవ తరగతి హరికిషన్ ప్రధానమంత్రి. ఆరోగ్యం, నీళ్ళు, తోట, గ్రంథాలయం అను శాఖలకు మంత్రులు ఉన్నారు. ప్రమాణ స్వీకారం అయిన మరునాడే ప్రధానమంత్రి నా దుకాణానికి వచ్చాడు.

"అంకుల్, స్టాంపు లేకుంటే మా మాట ఎవ్వల్ ఇంటలేరు."

పరిపాలన గురించి ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని నేను ఈ ముప్పై ఏళ్ళలో చూడలేదు. మిగిలిన రబ్బరు ముక్కతో 'తనిఖీ చేయడమైనది' అని ఒకటి చేసి ఇచ్చాను. ఆరోగ్య మంత్రి గోళ్ళు చూసి అరచేతిపై ముద్ర వేయసాగాడు. తోట మంత్రి సొరకాయలపై వేశాడు. మధ్యాహ్న భోజనపు కోడిగుడ్లపై పడింది. ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మన్‌ను గోళ్ళు బాగాలేవని వెనక్కి పంపారు. ఆయన మరునాడు కత్తిరించుకొని వచ్చి వేయించుకొన్నారు.

సవరణ: నాటి నుంచి గల్లీలో అందరి గోళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. సిరా చేతులవాణ్ణి కావడం చేత నాకు రెండు పర్యాయాలు తిరస్కరణ జరిగిన మాట నిజం. ఫిర్యాదు చేయడానికి అదీ ఒక కారణమని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

3. నన్ను పూర్వకాలమునకు చెందినవానిగా నమోదు చేయుట. పరిసరాల విజ్ఞానం పాఠాల చివర, పెద్దలను అడిగి పట్టిక నింపమని ఉంటుంది. ఈ బాలుర పెద్దలు పగటివేళ పనుల్లో ఉంటారు. గల్లీలో పగలు దొరికే పెద్ద నేనొక్కణ్ణే. ఒకే దినమున పద్నాలుగు మంది వరుస కట్టారు.

"అంకుల్, మీ కాలంల కరెంటు ఉండెనా?"

"నా కాలం ఇదేరా," అన్నాను.

వాడు పట్టికలో 'గుర్తు లేదు' అని వ్రాసుకొని పక్కకు జరిగాడు. వెనుకవాడు ముందుకు వచ్చి, "మీ పేరు బ్రహ్మచారి కదా, మరి ఊర్మిళ ఆంటీ ఎవరు?" అన్నాడు. ఊర్మిళ నా భార్య. ఈ ప్రశ్న ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో లేదని నా నమ్మకం.

సవరణ: పద్నాలుగవవాడు అడిగేసరికి, కరెంటు పోయిన పూట మా నాయన లాంతరు చిమ్నీని బూడిదతో తుడిచిన తీరు నాకు గుర్తుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా రాని జ్ఞాపకం. అది మొదటివాడికి చెప్పలేదు. పిలిచి చెప్పవలసి ఉన్నది.

4. సొరతీగ అక్రమ ప్రవేశము. బడితోటలోని సొరతీగ గోడ దాటి నా బోర్డు ఎక్కింది. 'రబ్బరు స్టాంపులు' అను దానిలో 'రబ్బరు' పైకి కనబడుతున్నది, 'స్టాంపులు' ఆకుల కింద ఉన్నది. కుక్కర్ రబ్బరు ఉందా అని ఆడవాళ్ళు వస్తున్నారు.

సవరణ: కుక్కర్ రబ్బర్లు తెప్పించి పెట్టాను. నడుస్తున్నాయి. తీగను కదల్చవద్దు.

ఇక ఉత్తర్వు వచ్చిన తరువాత జరిగిన సంగతి.

ఉత్తర్వు ప్రతిని ప్రధానోపాధ్యాయురాలు ఎలీనా గారు నోటీసు బోర్డుకు అంటించారు. గోడపై ఏది కనబడినా బిగ్గరగా చదవడం ఆ పాఠశాలలో ఒక కృత్యం. ముప్పై ఎనిమిది మందీ చదివారు. విలీనమంటే ఏమిటని చిన్న తరగతుల వారు అడిగితే, "రోడ్డు దాటుడు" అని ప్రధానమంత్రి అర్థం చెప్పాడు. స్థానిక పౌరుడంటే ఎవరని అడిగితే అతనికీ తెలియలేదు. తెలియనిది తెలుసుకొనుటకు వారికి పాఠశాల నేర్పిన పద్ధతి ఒక్కటే. పట్టిక గీశారు. ఇంటి వరుస నంబరు, పేరు, ఏ ఊరు, మీరు స్థానిక పౌరుడా అని నాలుగు గడులు. మంత్రివర్గం ఇల్లిల్లూ తిరిగింది.

మొదటి ఇంటి రామ్మోహనరావు గారు, "మాది గుంటూరు నాయనా. వచ్చి నలభై రెండేళ్ళే కదా అయింది" అన్నారు. ఇస్త్రీ బండి విమలమ్మ, "మాది జనగామ దిక్కు బిడ్డా, ఈడ కిరాయికుంటున్నం గంతే" అన్నది. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాళ్ళు సైతం, ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో విని, తాతల ఊళ్ళు చెప్పి వ్రాయించుకొన్నారు. నలభై ఒక్క ఇళ్ళలో స్థానిక పౌరుడు ఒక్కడూ తేలలేదు.

పదిహేడవ ఇల్లు నాది.

"అంకుల్, మీరు స్థానిక పౌరుడా?" అని హరికిషన్ పెన్సిలు పట్టుకొని అడిగాడు.

నేను సిరా ప్యాడ్ సర్దుతూ, "కాదురా" అన్నాను.

"మరి ఏ ఊరు?"

"ఇక్కడే, పక్కన."

"పక్కనంటే ఏంది అంకుల్? గడిల పేరు రాయాలె."

"తిరుమలగిరి," అన్నాను.

నేను పుట్టింది నా దుకాణం వెనుక గదిలో.

మరునాడు మంత్రివర్గం పట్టికతో సహా మళ్ళీ వచ్చింది. "స్థానిక పౌరుడే లేడు, మరి ఫిర్యాదు ఎట్లొచ్చింది అంకుల్? ఆర్డర్ తప్పు. గదే సార్‌కు రాసియ్యరాదు? మీరైతే మంచిగ రాస్తరు. స్టాంపులు సుత ఉంటయ్," అన్నాడు హరికిషన్. ఈ విధంగా, నా ఫిర్యాదుపై అర్జీ వ్రాసే పని నాకే అప్పగించబడింది.

పిల్లలు వెళ్ళాక, వారి వెంట వచ్చిన ఎలీనా గారు ఒక్క నిమిషం ఆగారు. "చారి గారూ, ఆ ఫిర్యాదు కాగితం నేను ఆఫీసుల చూసిన. 'అతి అత్యవసరం'ల 'వ' కాడ జెర విరిగింది. ఆ స్టాంపు ఆఫీసోళ్ళకు ఇచ్చేముందు సరిచేయండి."

నేను ఆ స్టాంపు తీసి 'వ' చూశాను.

"పిల్లలకు చెప్పలే. అది నా పని కాదు," అని ఆమె వెళ్ళిపోయారు.

అన్నం దగ్గర ఊర్మిళ మరొక మాట అన్నది. "సప్పుడు పడదంటిరి. ఒకటో తారీకు నుంచి ఉండదు. మరి మొఖం ఎందుకట్ల పెట్టిండ్రు?" నేను చెయ్యి కడుక్కొని ఈ అర్జీకి కాగితం తీశాను.

5. ఇది ఫిర్యాదులో లేని అంశం. రెండవ తరగతి దయాకర్ తల్లిదండ్రులు ఉదయం ఆరింటికే పనికి పోతారు. వాడు మెడలో ఇంటి తాళంచెవి వేసుకొని ఒక్కడే వస్తాడు. రోజూ నా దుకాణం మెట్టు మీద కాలు పెట్టి నిలబడతాడు. నేను బూటు లేసు కడతాను. వాడేమీ అడగడు, నేనేమీ అనను. ఒక కాలు అయ్యాక రెండో కాలు పెడతాడు. స్టేషన్ రోడ్డు మీద మెట్టు లేదు. బస్సులు ఆగవు. లేసు ఊడిన సంగతి వాడికి నడుస్తుండగా తెలియదు. ఈ అంశంపై నా దగ్గర ఆఫీసు భాష లేదయ్యా. వాణ్ణి ఆ రోడ్డు దాటించవద్దు.

కావున, (అ) నా ఫిర్యాదు తమకు అందనే లేదని భావించవలెననీ, (ఆ) విలీనపు ఉత్తర్వును రద్దు చేయవలెననీ, (ఇ) పాత బెంచీలకు వేరొక నివాసం చూడవలెననీ ప్రార్థించుచున్నాను. ఉత్తర్వును రద్దు చేయుట కూడా ఒక చర్యే అగును గనుక, ఆ ఒక్క చర్య ఈ నెలాఖరులోగా తీసుకొని, అటుపై ఈ గల్లీ విషయమున ఎట్టి చర్యా లేకుండా హాయిగా ఉండవలసినదిగా కోరిక. పై సంగతులను తమరు దయతో చిత్తగించవలెను. అతి అత్యవసరం అను మాటను ఈ పర్యాయం చేతితోనే వ్రాయుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బ్రహ్మచారి
(ముద్ర వేయలేదు)

జతపరచినది: మంత్రివర్గం వారి పట్టిక, 41 ఇళ్ళు.

తా.క.: పట్టికను జతచేయబోతూ పదిహేడవ వరుస చూశాను. నా 'కాదు' పక్కన హరికిషన్ పెన్సిలుతో చిన్నగా ఒక మాట వ్రాసుకొన్నాడు: 'మళ్ళ అడగాలె.' వాడు మళ్ళీ వచ్చి అడిగేవరకు కూర్చోవడం మర్యాద అనిపించలేదు. 'కాదు' కొట్టివేసి 'అవును' అని వ్రాశాను. తిరుమలగిరి కొట్టివేసి చిలకలగూడ అని వ్రాశాను. రెండు దిద్దుబాట్ల పక్కనా సంతకం చేశాను.

ఈ అర్జీని తమకు పంపే ముందు, రేపు ఉదయం ప్రార్థన తరువాత పిల్లలే బిగ్గరగా చదువుతారట. ఎలీనా గారు నిర్ణయించారు. ఆ సమయానికి దుకాణం మూసుకొని తిరుమలగిరి పోదామనుకొన్నాను. పోను. దయాకర్ లేసు ఉన్నది.

ఇంకా వ్రాయవలసినది ఉన్నది గాని, గోడ అవతల పదమూడవ ఎక్కం మొదలైంది. డెబ్బై ఎనిమిది దాకా వచ్చారు. సెలవు.