వకీలును చెల్లె ఎంచుకుంది

బాపూ,

నీ నౌకరీ మీద వచ్చే ఫ్యామిలీ పెన్షన్ చెల్లె లక్ష్మి పేరున మంజూరైందని నిన్న కాగితం వచ్చింది. నువ్వు పోయి నేటికి రెండేళ్లు. అంతకు ముందు ఆమె వైకల్యం సరిగ్గా రుజువు కాలేదని ఆఫీసువాళ్లు దరఖాస్తు తిప్పి పంపారు. వకీలును పెట్టుకోక తప్పలేదు.

మొదట అందరూ గొప్పగా చెప్పిన వకీలు దగ్గరికి పోయాం. లక్ష్మి మాట నిదానమని నీకు తెలుసు. ఆమె నోరు తెరవగానే ఆయన నా వైపు తిరిగి, "మీరు చెప్పండి, టైం లేదు" అన్నాడు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నేను చెప్పేశాను.

బయట వీల్‌చైర్ తోస్తుంటే లక్ష్మి అంది: "ఈయన వద్దు, అన్నా. కేసు నాది."

తర్వాత పద్మారావు నగర్‌లో ఒక లాయరమ్మను కలిశాం. ఆమె కుర్చీ జరుపుకుని లక్ష్మి ఎదుట కూర్చుంది. లక్ష్మి తన సంగతి చెప్పడానికి ముప్పావు గంట పట్టింది. లాయరమ్మ మధ్యలో ఒక్క మాట కూడా అందించలేదు. అంతా విన్నాక, "గెలుస్తమని మాటియ్యలేను. మీకు చెప్పకుంట మాత్రం ఒక్క కాగితం సుత పంపను" అంది.

"నా మాటతోని మీకు తక్లీఫ్ కాదా?" అని లక్ష్మి అడిగింది.

"జెర టైం పడ్తది, అంతే."

లక్ష్మి నా వైపు చూసి తల ఊపింది. వకాలత్ కాగితం మీద సంతకం పెడుతుంటే అలవాటు కొద్దీ ఆమె చెయ్యి పట్టుకోబోయాను.

"నువ్వు బయట కూసో అన్నా."

బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నేళ్లూ మనిద్దరం ఆమె తరఫున మాట్లాడాం. ఆమె మాట్లాడినంత బాగా మనం ఎన్నడూ మాట్లాడలేదు, బాపూ. తలుపు అవతల ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

నీ శ్రీను