రాత్రికి సరిపడా ఎండ

ఆదివారం, పదిహేడో తేదీ
వంటగది బల్ల దగ్గర నుంచి

గౌరవనీయులైన బాబాయి గారికి,

మీ అన్నగారి కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నాన్నగారు, అమ్మ, నేను క్షేమం. నానమ్మ కూడా క్షేమమని రాయడానికి కలం కదలడం లేదు. అక్కడ మీరూ, మీ షెడ్డులోని లారీలూ క్షేమమేనని తలుస్తాను.

ఎప్పుడూ 'నువ్వు' అనే పిల్ల 'మీరు' అంటోందేమిటని నవ్వుకోకండి. ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా 'మీరు' అనే రాస్తాను. 'నువ్వు' అన్నానంటే రెండో పేజీకల్లా కోపం చల్లారిపోతుంది. చల్లారకూడదు. ఫోన్ చేయనిది కూడా అందుకే. ఫోన్‌లో మీరు "ఏంటే నిఘంటువూ" అంటారు, నేను నవ్వేస్తాను, అసలు మాట గాల్లో కలిసిపోతుంది. ఉత్తరానికి మీరు అడ్డు తగల్లేరు.

మీకు తెలిసిన సంగతే మళ్ళీ చెబుతాను. నా వైపు నుంచి మీరెప్పుడూ వినలేదు కాబట్టి.

నిద్రలో నానమ్మకి ఊపిరి ఆగిపోతోందని డాక్టరు ఆ యంత్రం రాసిచ్చి రెండేళ్ళు దాటింది. ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టం చివర డబ్బా, డబ్బాకి గోడలో ప్లగ్గు. ఆ గోడ దాటి ఆవిడ రెండేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఇంకెక్కడా పడుకోలేదు. చెల్లెలి ఇంటికి వెళ్ళినా చీకటి పడేలోగా తిరిగొచ్చేసేది, అక్కడ రాత్రి కరెంటు పోతే ఎలాగని భయం. అలాంటి మనిషి దగ్గరికి మీరొచ్చి, పాత స్కూలు వ్యాను కొన్నానని, సీట్లు పీకి మంచాలు వేశానని, పైన సోలార్ పలక పెట్టి ఆవిడని సరస్సు ఒడ్డున మూడు రోజులు ఉంచి తెస్తానని చెప్పారు. నానమ్మ ఏమడిగిందో గుర్తుందా? పొద్దున కళ్ళు తెరవగానే ఎదురుగా నీళ్ళుంటాయా అని అడిగింది. ఉంటాయన్నారు. మరి ప్లగ్గో అంది. మీరు నా వైపు వేలు చూపించి, "అది దీని పని, లెక్కలు కడుతుంది" అన్నారు.

కట్టాను. మూడు వారాలు కూర్చుని కట్టాను. ప్రతి వస్తువు వెనకా అంటించిన చీటీ చదివి, అది ఎన్ని వాట్లు తింటుందో, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందో రాశాను. నానమ్మ యంత్రం నలభై వాట్లు, ఎనిమిది గంటలు, అంటే మూడు వందల ఇరవై. చిన్న ఫ్రిజ్జు రోజంతా కలిపి నాలుగు వందలు. ఫ్యాను రెండు వందలు. దీపాలూ ఫోన్లూ కలిపి వంద. మొత్తం వెయ్యీ ఇరవై. ఒకరోజు మబ్బు పట్టి పలక పని చేయకపోయినా రాత్రి ఆగకూడదంటే దానికి రెట్టింపు నిల్వ ఉండాలి. అందుకే రెండువందల ఏహెచ్, అంటే దాదాపు రెండువేల నాలుగు వందలు పట్టే, లిథియం బ్యాటరీ అని రాసి కింద రెండు గీతలు గీశాను. వంద చాలదని రాశాను. ఇంట్లో ఇన్వర్టరుకి పెట్టే నీళ్ళు పోసే రకం వద్దని, దాన్ని సగానికి మించి వాడుకుంటే త్వరగా పాడవుతుందని రాశాను. పలక మూడువందల వాట్లది, మడత పెట్టేది, పొడుగాటి వైరుతో. మనిషికి నీడ కావాలి, పలకకి ఎండ కావాలి, రెండింటినీ ఒకే చోట ఉంచితే ఎవరో ఒకరు మాడతారు. చివరగా, ఎంత మిగిలిందో చూపించే మీటరు ఒకటి.

ఆ జాబితాకి పేరు కూడా పెట్టాను: 'రాత్రికి సరిపడా ఎండ'. పెట్టాక నాకే ముచ్చటేసి నాలుగైదుసార్లు చదువుకున్నాను.

ఇప్పుడు దుకాణం సంగతి. మీరూ నేనూ వెళ్ళిన ఆ బ్యాటరీల దుకాణంలో, చెవి వెనక పెన్ను పెట్టుకుని మాట్లాడే ఆయన నా జాబితా చేతిలోకి తీసుకుని, చదవకుండానే తిరగేసి, వెనకవైపు తన అంకెలు రాయడం మొదలుపెట్టాడు. ఐదువందల వాట్ల పలక, వంద ఏహెచ్ బ్యాటరీ, "కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి సార్" అన్నాడు. కళ్ళు మూసుకునేది మా నానమ్మండీ, ఆవిడ కళ్ళు మూసుకునే వేళకి మీ పలక మీద ఎండ ఉండదు, అప్పుడు ఆదుకోవాల్సింది బ్యాటరీ ఒక్కటే అని నేను చెప్పాను. తప్పుగా చెప్పానా? మర్యాదగా చెప్పలేదా? ఆయన మీ వైపు తిరిగి, "పాప క్లాసులో ఫస్టేమో" అని నవ్వాడు.

ఆయన నవ్వితే నాకేం లేదు. మీరు నవ్వారు. నవ్వి, "అది అలాగే అంటుంది లెండి, మీరు చెప్పండి" అన్నారు. మూడు వారాల పని, మీరు అప్పజెప్పిన పని, ఆ బల్ల మీద బోర్లా పడి ఉంది. నా తల తీసేసినట్టయింది. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాను. అరగంట తర్వాత మీరొచ్చి "పనైపోయింది, పద" అన్నారు. ఏం కొన్నారో నేనడగలేదు. మీరూ చెప్పలేదు. దానికి నిర్లక్ష్యం అన్న మాట సరిపోతుందా లేదా అని ఇంటికొచ్చి నిఘంటువు తిరగేశాను. సరిపోదు. అంతకంటే గట్టి మాట దొరకలేదు.

వ్యాను తయారై వచ్చాక చూస్తే పలక టాపు మీద బిగించేసి ఉంది. మడత పలక ఏదని అడిగితే "ఇదీ పలకే కదే" అన్నారు. బ్యాటరీ నానమ్మ మంచం కింద చెక్కపెట్టెలో, మూతకి నాలుగు స్క్రూలు. మీటరేదంటే లోపలుందన్నారు. లోపలున్న మీటరు ఎవరు చూడటానికి? అప్పుడే నాకు అర్థమైంది, మీరు ఆ దుకాణం ఆయన చెప్పిందే కొన్నారని.

నానమ్మ, మీరు, నేను ముగ్గురం బయల్దేరాం, సరస్సు దగ్గర అనుకున్నంతా అయింది. పలకకి ఎండ కావాలని వ్యాను ఎండలోనే ఆపారు. మధ్యాహ్నానికి లోపల పెనం. నానమ్మ మాత్రం చెట్టు కింద మడతకుర్చీలో కూర్చుని, నీళ్ళ మీద ఎగిరే పిట్టల్ని లెక్కపెడుతూ, ఇంటికి ఫోన్ చేసి అమ్మకి అన్నీ వర్ణించింది. ఆ రాత్రి మాస్కు పెట్టుకుని పడుకుంది. రేకు గోడల మధ్య ఆ యంత్రం చప్పుడు ఇంట్లోకంటే రెట్టింపు వినిపిస్తుంది కదా, నాకూ చాలాసేపు నిద్ర పట్టలేదు.

తెల్లవారి లేచేసరికి నానమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. మాస్కు ఒళ్ళో ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఆవిడ కోరుకున్న నీళ్ళు అద్దానికి ఎదురుగానే ఉన్నాయి, కానీ వెనక్కి తిరిగి నన్ను చూస్తోంది. నిద్ర పట్టిందా తల్లీ అని అడిగింది. నీ సంగతేమిటంటే, యంత్రం మధ్యలో ఆగిపోయిందని, మళ్ళీ పడుకోవడానికి భయమేసి కూర్చున్నానని చెప్పింది. మీరు స్క్రూలు విప్పి, పెట్టె మూత ఎత్తి చాలాసేపు చూశారు. తర్వాత నానమ్మని చూశారు. లోపల ఏదో నొక్కి మూత బిగించేశారు. "అవును, చార్జి అయిపోయింది. తప్పు నాదే" అన్నారు. అంతే. మూడు రోజుల ప్రయాణం ఒక రాత్రితో ముగిసింది.

ఇంటికొచ్చాక నాన్నగారు "మా అమ్మ ప్రాణంతో ప్రయోగాలేంట్రా" అని వీధిలోకి వినపడేలా అరిచారు. మీరు వ్యాను మా షెడ్డులో పెట్టి బస్సెక్కి వెళ్ళిపోయారు. ఇక నానమ్మ గడప దాటితే అది ఆసుపత్రికే అని నాన్నగారు తేల్చేశారు. వ్యాను అమ్మేయమని మీరే అన్నారట. వచ్చే ఆదివారం బేకరీ ఆయన చూడటానికొస్తున్నాడు. నానమ్మ వారం రోజులుగా పిట్టల ఊసెత్తలేదు. ప్రయాణానికని కొన్న కొత్త శాలువా మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. అది చూశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తప్పు నాదే అనేస్తే సరిపోతుందా బాబాయిగారూ? దీపం ఆగిపోతే చీకట్లో కూర్చుంటాం. ఫ్యాను ఆగిపోతే విసురుకుంటాం. ఇది ఊపిరి. ఇంత చిన్న సంగతి ఒక చిన్నపిల్ల కాగితం మీద రాసిస్తే మీకు నవ్వొచ్చింది.

మీరు చేయాల్సింది చెబుతాను. వచ్చే ఆదివారం లోపల రండి. ఆ వంద ఏహెచ్ దాన్ని తీసి, నేను రాసింది పెట్టండి. నా లెక్క సరైనదేనని నాన్నగారి ముందు, వీలైతే ఆ దుకాణం ఆయన ముందు కూడా ఒప్పుకోండి. నానమ్మని మళ్ళీ తీసుకెళ్ళండి. సాక్ష్యం కావాలంటే అదీ ఇస్తాను. ఈ ఉత్తరం మడిచేలోపు షెడ్డుకి వెళ్ళి, మూత విప్పి, బ్యాటరీ మీద రాసి ఉన్న అంకె ఉన్నదున్నట్టు కింద రాస్తాను.

ఇట్లు,
మీ అన్నగారి కూతురు

తా.క. బాబాయ్, నాలుగు స్క్రూలూ విప్పాను. బ్యాటరీ మీద రాసి ఉన్న అంకె రెండు వందలు.

లిథియమే. మూత లోపలివైపు నా జాబితా అంటించి ఉంది, ప్రతి వరుస పక్కనా నీ ఎర్ర పెన్సిల్ టిక్కు. మడత పలక పక్కన మాత్రం టిక్కు లేదు, 'స్టాకు లేదు' అని రాసి ఉంది. నేను గీసిన రెండు గీతల కింద నువ్వు మూడోది గీశావు.

ఆ రోజు నువ్వు కట్టేసిన స్విచ్చు వేశాను. మీటరు వెలిగింది. బ్యాటరీ ఇప్పటిదాకా ఎంత అడుక్కి దిగిందో గుర్తుంచుకునే అంకె ఒకటి అందులో ఉంది. డెబ్బై ఎనిమిది శాతం. అంటే ఆ రాత్రి పావు వంతు కూడా ఖర్చు కాలేదు. నువ్వది ఆ పొద్దునే చూశావు.

నానమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. చాలాసేపు శాలువా గురించే మాట్లాడింది. ఆఖరికి చెప్పింది. నేను దిండు చెవికి ఒత్తుకుని, "అబ్బా, ఎప్పుడాగుతుందో ఈ గోల" అన్నానట. పిల్లకి నిద్ర లేకపోతే ఎలాగని తానే ఆపేసిందట. ఆపి, నిద్రపోకుండా ఉండటానికి ముందు సీట్లో కూర్చుందట. "వాడు పెట్టె తీసి చూసి నా మొహం చూశాడే. చెప్పొద్దని నేను తల అడ్డంగా ఊపాను. ఇంకేం అడగలేదు" అంది. నాకు ఆ మాట అన్నట్టు గుర్తే లేదు బాబాయ్. ఇన్ని మాటలు ఏరి ఏరి రాసుకునేదాన్ని, అది మాత్రం నిద్రమత్తులో నోరు జారి వచ్చింది.

నాన్నకి నేనే చెప్పాను. నువ్వు పడ్డ మాటలు నేను పడాల్సినవని కూడా చెప్పాను. అరగంట పేపరు పట్టుకుని ఒకే పేజీ చూశారు. తర్వాత బేకరీ ఆయనకి ఫోన్ చేసి రావద్దన్నారు. నీకు ఫోన్ చేయడానికి మొహం చెల్లడం లేదనుకుంటా, సాయంత్రం నుంచి ఫోను చేత్తో పట్టుకుని తిరుగుతున్నారు.

పై ఉత్తరం చించేద్దామనుకున్నాను. నానమ్మ చదివించుకుని, బాగా తిట్టావే, పంపు, వాడికి నచ్చుతుంది అంది. అయినా దుకాణంలో నవ్వినందుకు ఆ పేజీ ఒక్కటీ నీకు చెందుతుంది.

మూత మళ్ళీ బిగించే ముందు జాబితా చివర ఒక వరుస కలిపాను. వచ్చినప్పుడు టిక్కు పెట్టు:

చెవుల్లోకి దూది. ఒక జత. సున్నా వాట్లు. నాకు.

నీ నిఘంటువు