నాలుగో ఆప్షన్

లెటర్‌కెన్నీ,
12 సెప్టెంబరు 2021

నాన్నా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఫోనైతే నువ్వు "బాగుండావా, తిన్నావా" అనేసి అమ్మకిచ్చేస్తావు. ఉత్తరం అలా కాదు కదా, చివరిదాకా చదవాల్సిందే.

నేనుండే ఇంటి ఓనరు ఈమన్ స్వీనీ గురించి నీకు సగమే చెప్పాను. డెబ్బై ఒక్క ఏళ్ల వడ్రంగి, భార్య పోయింది, లాక్‌డౌన్లో నా ఆన్‌లైన్ క్లాసుల కోసం స్వయంగా బల్ల చేసిచ్చాడు అన్నాను. మిగతా సగం ఏమిటంటే, ఆయన వేటగాడు. నల్లమలలో ముప్పై ఏళ్లుగా ఉచ్చులు పీకుతూ, నాటు తుపాకులు పట్టుకుంటూ తిరిగే ఫారెస్టు గార్డువి నువ్వు. నీకు ఈ మాట చెప్పాలంటే భయమేసింది. ఇక్కడ అది నేరం కాదు నాన్నా, లైసెన్సు ఇస్తారు.

వయసులో ఉండగా ఆయన అమెరికాలో, పడమటి కొండల రాష్ట్రమొకదానిలో పనిచేశాడట. ఒక పొద్దున మంచులో ఎల్క్ అరుపు విన్నాడట. ఎల్క్ అంటే మన కణుజు దుప్పికి పెద్దన్న అనుకో. అప్పుడు వీసా కాగితాలు సరిగా లేక వేట లైసెన్సు అడిగే ధైర్యం చాలలేదు. ఇక్కడికి తిరిగొచ్చాక, పద్నాలుగేళ్లుగా, అదే కొండ మీద ఒక మగ ఎల్క్ కోసం దరఖాస్తు పెడుతున్నాడు. డబ్బు కట్టి వెళ్లి కొట్టేయొచ్చు కదా అనుకున్నాను. ఎంత అమాయకురాలిని! ఆ రాష్ట్రం ఏటా అడవిలో జంతువుల లెక్క తీస్తుంది. ఏ కొండ మీద ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఏ వారాల్లో వేటాడనివ్వొచ్చో తేల్చి, అన్నే చీటీలు పెట్టి లాటరీ తీస్తుంది. ఆ చీటీని ట్యాగ్ అంటారు. వందలో తొంభై ఆ రాష్ట్రం వాళ్లకే. మిగిలిన పదింటికీ లోకంలోని బయటివాళ్లంతా కొట్టుకోవాలి. సొంతవాళ్లు ట్యాగ్‌కి అరవై డాలర్లు కడితే బయటివాళ్లు ఎనిమిది వందలు కట్టాలి. రాని ఏడాదికి ఒక పాయింటు ఇస్తారు, ఎన్ని పాయింట్లుంటే లాటరీలో నీ పేరు అన్నిసార్లు పడుతుంది. ట్యాగ్ వచ్చిందా, పాయింట్లన్నీ సున్నా. ఒక్క జంతువు కోసం ఒక ప్రభుత్వానికి ఇంత లెక్క, ఒక మనిషికి ఇంత ఓపిక! నువ్వు కూడా నీటిగుంటల దగ్గర కూర్చుని అడుగుజాడలు లెక్కపెడతావు. ఇదంతా చూస్తే ఎంత మురిసిపోయేవాడివో అనిపించింది.

ఇప్పుడు నా తప్పు. ఆ దరఖాస్తులో అయిదు ఆప్షన్లుంటాయి. ఈమన్ ఏటా మొదటిది రాసి మిగతా నాలుగూ ఖాళీగా వదిలేస్తాడు. మార్చిలో ఆ వెబ్‌సైటు మారిపోయి ఆయనకు కొరుకుడు పడలేదు. ఆయన కార్డు నంబరు చెబుతుంటే నేను కొట్టాను. ఆయన టీ పెట్టడానికి లేచాడు. కింద నాలుగు ఖాళీలు నన్నే చూస్తున్నాయి. నా చెయ్యి ఆగలేదు నాన్నా! ఎంసెట్ కౌన్సెలింగులో పోయిన దాన్ని కదా. నలభై కాలేజీలు రాసిచ్చినా ఒక్క సీటూ రాలేదు, ఇంకో అరవై రాయాల్సిందని అప్పటినుంచీ నా బుర్రలో ఉండిపోయింది. ఆప్షన్ ఖాళీగా వదలకూడదు అన్నది మనవాళ్లలో ఎవరి ఒంట్లో లేదు చెప్పు? టకటకా నాలుగూ నింపేసి సబ్మిట్ కొట్టాను. ఆయనకు చెప్పాలని కూడా తోచలేదు.

మేలో ఫలితం నా మెయిలుకే వచ్చింది. నాలుగో ఆప్షన్ తగిలింది. ఎవరూ కోరుకోని ఎండు కొండ, ఆడ ఎల్క్, నవంబరు చివరి వారాలు. ఏ ఆప్షన్ తగిలినా పాయింట్లు పోతాయట, ఆ సంగతి అప్పుడు చదివాను. పద్నాలుగేళ్లూ నా చేతులమీదుగా సున్నా అయ్యాయి. ఆయన అడిగితే "ఈసారీ రాలేదు అంకుల్" అన్నాను. "గ్రాండ్" అన్నాడు, మన "సరేలే" లాగా. "వచ్చే ఏడాది చూద్దాం." జులైలో ట్యాగ్ పోస్టులో వస్తే సూట్‌కేసులో దాచాను. ఇంకా ఘోరం విను. ఆయన తుంటి కీలు అరిగిపోయింది, వచ్చే వసంతంలో ఆపరేషన్, తర్వాత కొండలెక్కే మాట మరిచిపొమ్మని జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, చెప్పిందట. కోవిడ్ వల్ల ఐర్లాండు నుంచి అమెరికాకు ఇప్పుడు ఎవరినీ రానివ్వడం లేదు. ఇక ఆ కొండ ఆయనకు లేనట్టే.

చెప్పనా? చెబితే ఆయన నాతో మాట్లాడటం మానేస్తే? నాకు సీటు రానప్పుడు నువ్వు రెండు నెలలు నా ముఖం చూడలేదు, గుర్తుందా? పళ్లెం ముందు నేను కూర్చుంటే నువ్వు లేచిపోయేవాడివి. ఈ మాట ఇన్నేళ్లూ నీతో అనలేదు. నా మీద అంత కోపం ఇంకొకరికి రావడం నేను తట్టుకోలేను. ఏం చేయాలో రాయి నాన్నా.

నీ ధరణి

లెటర్‌కెన్నీ,
6 డిసెంబరు 2021

నాన్నకు,

నువ్వు జవాబు రాయలేదు. పోనీలే. జరిగింది మాత్రం నీకు చెప్పాలి.

అక్టోబరు నడుమ వార్త వచ్చింది, టీకాలు వేసుకున్నవాళ్లను నవంబరు ఎనిమిది నుంచి అమెరికా రానిస్తుందని. మగ ఎల్క్ సీజను సెప్టెంబరులోనే అయిపోయింది. మొదటి ఆప్షన్ వచ్చి ఉన్నా ఆయన వెళ్లగలిగేవాడు కాదు. తలుపు తెరిచాక మిగిలింది నా నాలుగో ఆప్షన్ తేదీలే! ఇక దాచితే ఆయనకున్న ఆ ఒక్క అవకాశాన్నీ నేనే మింగేసినట్టు.

ఆ ఆదివారమే ఈమన్ నన్ను గ్లెన్‌వే పార్కుకు తీసుకెళ్లాడు. అక్కడ వేట లేదు, తుపాకీ లేకుండానే వెళ్లాం. ఊరికే వినడానికి, అన్నాడు. సరస్సు పక్కన కొండంతా ఎర్రబారిన గడ్డి, సన్నగా వాన. ఎదుటి వాలు మీదనుంచి దుప్పి పోతు ఒకటి గర్జించింది. అరుపు అనడానికి నోరు రావడం లేదు నాన్నా. నా పక్కటెముకల్లో వినపడింది. ఇంకో కొండ మీదనుంచి ఇంకొకటి బదులిచ్చింది. తర్వాత నాలుగువైపులా. ఆ లోయంతా వాటిదే, మేమెవరమో వాటికి అక్కర్లేదు. నాకు చేతులు జోడించాలనిపించింది. పక్కకు చూస్తే ఈమన్ టోపీ తీసి పట్టుకున్నాడు, బట్టతల మీద వాన పడుతోంది. ఆ మనిషి ముందు ఇంక అబద్ధంతో నిలబడలేకపోయాను. జేబులోంచి ట్యాగ్ ఉన్న కవరు తీసి చేతికిచ్చి, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

ఆయన కవరు విప్పలేదు. "నాకు తెలుసమ్మాయ్" అన్నాడు. "మేలోనే బ్యాంకు కాగితం వచ్చింది. ట్యాగ్ రాకుండా ఎనిమిది వందల డాలర్లు కోసుకోరు కదా. ఫోన్ చేసి కనుక్కున్నాను."

"మరి నన్ను అడగలేదేం అంకుల్?"

"ఆ రోజు నీ మీద ఒళ్లు మండిపోయింది. పొద్దుగూకేదాకా పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వాను, గుర్తుందా? మర్నాడు నువ్వు టీ కప్పు బల్ల మీద పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయావు. భయపడ్డ పిల్లను తరిమితే ఇంకా దూరం పోతుంది. కదలకుండా కూర్చుంటే దానంతటదే వస్తుంది. నాకు చేతనైన విద్య అదొక్కటే."

అయిదు నెలలు నాన్నా! ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తింటూ, ఒక్క మాట తూలకుండా. మనిషిలో అంత నిదానం ఉంటుందని నాకు తెలియదు.

నవంబరు పద్దెనిమిదిన వెళ్లాడు, మొన్న వచ్చాడు. నాలుగో రోజున ఒక ఆడ ఎల్క్‌ను కొట్టాడు. నీకు బాధగా ఉంటుంది, దాచను. అంతకుముందు మూడు రోజులూ ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదట. మూడు వందల ఎల్క్‌లు మంచులో దిగివస్తుంటే చూస్తూ ఉండిపోయాడట. మాంసం ఇక్కడికి తేనివ్వరు, అక్కడే పక్క ఊళ్లో రెండు కుటుంబాలకు ఇచ్చేశాడు. "కొట్టాక సంతోషమేసిందా?" అని అడిగాను. "సంతోషం కాదు. చాలాసేపు దాని పక్కనే కూర్చున్నా" అన్నాడు.

నువ్వు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

ధరణి

ఆత్మకూరు,
27 డిసెంబరు 2021

అమ్మా ధరణీ,

నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకొని కూర్చున్నాను. మొదటిదానికి నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. మీ అమ్మ చూసి, "అంత రాయలేని సంగతి ఏముంది సామీ" అని ఎకసెక్కమాడింది. ఉంది.

ఆ పెద్దాయన జంతువును కొట్టినందుకు నాకు కష్టంగానే ఉంది. అయినా లెక్క తీసి, వరసలో నిలబడి, తనకిచ్చినదాన్నే ముట్టుకున్నాడు. నేను పట్టుకున్నవాళ్లలో అట్లాంటివాడు ఒక్కడూ లేడు. నా నమస్కారం చెప్పు.

ఇంక నీ సీటు సంగతి. నువ్వు నలభై కాలేజీలు కాగితం మీద వరసగా రాసిచ్చావు. ఆ పొద్దు నీకు జ్వరం. నెట్ సెంటరుకు నేనే పోయినాను. అక్కడి అబ్బాయి ఆరు కాలేజీలు కొట్టేసరికి కర్నూలు, నంద్యాల అయిపోయినాయి. తర్వాతవన్నీ విశాఖపట్నం, కాకినాడ. కండ్ల ముందర ఉండే బిడ్డను అంత దూరం ఎట్లా పంపేదని, "చాలు నాయనా, ఈ ఆరే ఉంచు" అన్నాను. వాడు వద్దని రెండుసార్లు చెప్పినాడు. నేను వినలేదు. నీ లెక్క తప్పలేదు తల్లీ. నీ ముప్పై నాలుగు ఆప్షన్లు నేను తినేసినాను. ఆ ప్రింటు ఇప్పటికీ నా డ్యూటీ ట్రంకు పెట్టెలో అడుగున ఉంది.

ఆ రెండు నెలలూ నీ మీద కోపం కాదు. పళ్లెం ముందర నువ్వు తల వంచుకొని కూర్చుంటే, చెప్పాలని నోటిదాకా వచ్చి, ధైర్యం లేక లేచిపోయేవాణ్ని. అడవిలో తుపాకీ ఎదురుగా నిలబడినోణ్ని, కన్నబిడ్డ ముందర నిలబడలేకపోయినాను. నువ్వు అయిదు నెలల్లో చెప్పేసినావు. నాకు ఏడేండ్లు పట్టింది.

ఆయన నీకోసం ఆగినాడని ఆశ్చర్యపోయి రాసినావు. ఆయనకు తెలుసు, దేనికోసం ఆగుతున్నాడో. నువ్వు ఏమీ తెలియకుండానే నాకోసం ఇన్నేండ్లు ఆగినావు తల్లీ.

మీ నాయన,
బ్రహ్మయ్య