కత్తెర పడబోయే క్షణం

చెల్లాయికి దీవెనలు. నేను కులాసా.

నువ్వు అర్థం అడిగిన ‘ఇన్ ది నిక్ ఆఫ్ టైమ్’ మొన్న మా కుట్టు దుకాణంలోనే తెలిసొచ్చింది. మేస్త్రీ మఖమల్ తెరగుడ్డ కత్తిరించబోతుంటే అలవాటుగా చేత్తో నిమిరాను. నూగు ఎదురు తగిలింది. అలాగే కోస్తే, ముందు కోసిన జత తెరకి నూగు కిందికీ, దీనికి పైకీ ఉండి, రెండు తెరలూ రెండు రంగుల్లా కనబడతాయి.

“ఆగండి, గుడ్డ తలకిందులుగా పరిచాం!” అన్నాను.

“ఇన్ ది నిక్ ఆఫ్ టైమ్ చెప్పావురా!” అని ఆయన గుండెమీద చెయ్యేసుకున్నాడు.

వేళకి బడికెళ్తే ఈ మాట వాడకూడదు. కొంప మునగబోతూ ఆఖరి క్షణంలో ఆగితేనే వాడాలి.

అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? నా పాత దుప్పటి పంపు.

నీ కార్డూ సరిగ్గా అలాగే అందింది. మనసు నిలవక, ఇంటికొచ్చేద్దామని పెట్టె సర్దుతుంటే వచ్చింది. నీకు అర్థం కనుక్కుని చెబుదామని ఆగాను. కార్డు గనక ఇది అమ్మా చదువుతుంది. చదవనీ, బట్టలన్నీ మళ్లీ కొక్కేలకు తగిలించేశాను.

అన్నయ్య